మా నాయన గురించి పుస్తకం రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాయన పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి 2004లో రిటైరయ్యారు. పోయినేడు కాలం చేశారు. ఇంకో రెండు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజు వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి చిన్న పుస్తకం వేద్దామని మీ తమ్ముడు అన్నారు, పెద్దకూతురివి నువ్వే రాయమని మీ మీద పెట్టారు. కూర్చుంటే "ప్రేమమూర్తి, త్యాగశీలి" దగ్గరే కలం ఆగిపోతోందన్నారు. అసలు ఇబ్బంది మీరు చివర్లో రాసిన రెండు లైన్లలో ఉంది. మనవళ్లకి ఆయనంటే ప్రాణం, మీకు మాత్రం చిన్నప్పుడు ఆయనంటే భయం. ప్లస్ టూ తర్వాత చదివించలేదన్న బాధ ఇప్పటికీ పోలేదు. పొగిడితే అబద్ధం, ఉన్నదున్నట్టు రాస్తే పోయినవాళ్లని తిట్టినట్టు. ఏం రాయాలి అని అడిగారు.

నేను చెన్నైలో నలభై ఏళ్లు తెలుగు అచ్చు పని చేశాను. సీసం అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చాను. శుభలేఖల తర్వాత నా చేతి మీదుగా ఎక్కువ వెళ్లినవి ఇలాంటి సంస్మరణ పుస్తకాలే. లెక్క రాసుకోలేదు గానీ వందకి తక్కువుండవు. వాటిలో చాలావాటికి అట్ట మీద ఫోటో, లోపల పేరు మార్చేస్తే ఒకరి పుస్తకం ఇంకొకరికి సరిపోతుంది. తమాషాకి అనడం లేదు. కొందరు పాత పుస్తకం ఒకటి తెచ్చి "ఇదే మ్యాటర్ పెట్టండి, పేర్లు మార్చండి" అని నిజంగానే అడిగేవారు.

వాళ్లని అనే అర్హత నాకూ లేదు. 1991లో మా నాయన పోయినప్పుడు నేను రాసింది అంతకన్నా అన్యాయం. ఆయన ప్యారీస్ కార్నర్‌లో ఒక ఇనుప సామాన్ల కొట్టులో గుమాస్తా. మేం చూలైలో ఉండేవాళ్లం. పెద్దకర్మకి ఎనిమిది పేజీలు వేశాను, అచ్చు పని తెలిసినవాణ్ణి కదా అని గర్వంగా. మొదటి వాక్యం "మా తండ్రిగారు మితభాషి". భోజనాల దగ్గర ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన అది చదివి నన్ను పక్కకి పిలిచాడు. "ఏం అబ్బయ్యా, మీ నాయన మితభాషేంది? ఆయన నోరు మూయించలేకే గదా ముదలాళి ఆయన కౌంటరు మార్చింది!" అన్నాడు. ముదలాళి అంటే కొట్టు యజమాని. కొట్టుకి వచ్చే ప్రతి మేస్త్రీతోనూ వాడి ఊరు, పంట, పెళ్లి అన్నీ మాట్లాడేవాడట. ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. నేను చూసింది ఆ మిగిలిన మనిషిని. ఎనిమిది పేజీల్లో ఎనిమిదీ ఆయనవే, ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

అందుకని నా మొదటి సలహా: మీరు రాయడం ఆపేసి, ముందు బయటివాళ్లని అడగండి. ఇంట్లోవాళ్లని తర్వాత. ఐసీఎఫ్‌లో ఆయనతో ఒకే షాపులో పనిచేసినవాళ్లు ఒకరిద్దరైనా అయనావరం, విల్లివాక్కం వైపు ఉండే ఉంటారు. అక్కడ పెట్టె ఉక్కు బాడీ తయారయ్యే షెల్ విభాగం, లోపల సీట్లూ వైర్లూ బిగించే ఫర్నిషింగ్ విభాగం వేరువేరు. ఆయన ఎందులో చేశారో కూడా మీరు రాయలేదు. వెల్డరు కాబట్టి షెల్ అయ్యుండొచ్చు, అయినా కనుక్కోండి. వాళ్లకి ఫోన్ చేసి "మా నాయన గురించి చెప్పండి" అంటే మాత్రం "బంగారంలాంటి మనిషమ్మా" అని పెట్టేస్తారు. అలా అడగొద్దు. టిఫిన్ క్యారియర్‌లో ఏం తెచ్చుకునేవారు, కోపం వస్తే తెలుగులో తిట్టేవారా తమిళంలోనా, ఎవరికైనా అప్పిచ్చి వదిలేశారా, రిటైరైన రోజు ఏం మాట్లాడారు, ఇలా అడగండి. వీలైతే ఇంటికే వెళ్లండి. చేతిలో ఒక పాత ఫోటో ఉంటే ఇంకా మంచిది, ముసలివాళ్లకి ఫోటో చూస్తే మాట కదులుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేస్తున్నానని ముందే చెప్పి ఆన్ చేయండి. నోట్సు రాసుకుంటూ కూర్చుంటే వాళ్లు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు.

తర్వాత ఇంట్లో కాగితాలు. ట్రంకుపెట్టెలో పెన్షన్ పేమెంట్ ఆర్డరు, సర్వీసు సర్టిఫికెట్, పీఎఫ్ స్లిప్పులు, పాత రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కులు ఉంటాయి. పారేయకండి, ఇవే మీ పుస్తకానికి వెన్నెముక. మా నాయన విషయంలో నాకు ఈ తెలివి రాలేదు. ఆయన పోయిన మూడేళ్లకి బీరువా సర్దుతుంటే రోజూ చింపే క్యాలెండర్ కాగితాలు ఒక కట్ట దొరికింది. వాటి వెనక పాలు, కూరగాయలు, కిరోసిన్ లెక్కలు. ఒకదాని వెనక మాత్రం "పాప బడికి పోయింది. ఏడవలేదు. గేటు దగ్గర పదకొండు దాకా ఉన్నా" అని ఉంది. పాప అంటే మా పెద్దమ్మాయి. ఆ రోజు కొట్టుకి లీవు పెట్టినట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆయన. "మితభాషి" బదులు ఆ కాగితం ఒక్కటి అచ్చు వేసి ఉంటే సరిపోయేది.

పుట్టిన తేదీ గొడవ గురించి అడిగారు. సర్టిఫికెట్‌లో 1-7-1944 ఉంది, మీ అవ్వ మాత్రం తారణ నామ సంవత్సరం, శ్రావణమాసం అనేదన్నారు. మీ అవ్వ మాటే నమ్మండి. తారణ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. ఆ ఏడు శ్రావణం జూలై 21 ప్రాంతంలో మొదలై ఆగస్టు మూడో వారంలో అయిపోయింది. అంటే సంవత్సరం సరిపోయింది, తేదీ మాత్రం బళ్లో అయ్యవారు రాసేసింది. ఆ తరంలో సగం మందికి పుట్టినరోజు జూలై ఒకటే. చేర్చుకునేటప్పుడు వయసు కుదరాలి కాబట్టి అలా వేసేవారు. దీనివల్ల ఇంకోటి జరిగింది చూడండి. సర్కారు ఉద్యోగంలో నెల ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెల చివరి రోజునే రిటైరవుతారు. మీ నాయన 30-6-2004న రిటైరై ఉంటారు. అరవై ఏళ్ల చక్రం తిరిగి తారణ మళ్లీ వచ్చింది కూడా 2004లోనే. పైగా ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది, మొదటిది అధికమాసం, రెండోది నిజం. షష్టిపూర్తి నిజ శ్రావణంలో, అంటే ఆగస్టు రెండో సగంలోనో సెప్టెంబరు మొదట్లోనో చేసి ఉండాలి. ఫోటోల వెనక తేదీ చూడండి. రిటైర్మెంటు దండ, షష్టిపూర్తి దండ రెండూ ఒకే వేసవి, వానాకాలం మధ్య మెడలో పడ్డాయన్నమాట. పుస్తకంలో రెండు తేదీలూ వేయండి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఒక లైనులో చెప్పండి. ఆయన పోయిన తిథి కూడా మాసం, పక్షంతో సహా రాయండి. ఇక్కడి తమిళులు సౌరమాసం ప్రకారం పెడతారు, మనది చాంద్రమానం. రేపు మీ పిల్లలు ఇక్కడి పురోహితుణ్ణి అడిగితే తేదీ మారిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న.

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీకు పదేళ్లున్నప్పుడు ఆయన రోజు ఎలా గడిచేదో రాయండి. మీరు 1974లో పుట్టానన్నారు కాబట్టి అది 1984. ఆయనకి నలభై. షిఫ్టు డ్యూటీ, ఓవర్‌టైమ్, ఊరినుంచి వచ్చే ఉత్తరాలు. పెళ్లి కావలసిన చెల్లెళ్లు ఇద్దరని మీరే రాశారు. కుడివైపు మీ అమ్మాయికి పదేళ్లున్నప్పుడు ఆయన రోజు రాయండి. తను 2003లో పుట్టింది, అంటే 2013. నెలనెలా పింఛను పడుతుంది, చెల్లెళ్లకి మనవలు కూడా వచ్చేశారు, సైరన్ వినపడితే లేవాల్సిన పని లేదు. మీరు చూసింది డ్యూటీనుంచి వచ్చి నిద్రపోతున్న మనిషిని. మీ అమ్మాయి చూసింది తెల్లవారకముందే లేచి కూర్చుని, ఈ పిల్ల ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్న మనిషిని. నాకు కొట్టులో మాటలు వినపడనట్టే మీకు ఆ రెండో మనిషి దొరకలేదు. ఇది ఆయనకి వకాల్తా కాదు. నలభై ఏళ్లప్పుడు ఓవర్‌టైమ్ చేస్తూనే పిల్లల్ని భుజానికెత్తుకున్న తండ్రులూ ఉన్నారు.

చదువు సంగతి దాచకండి. కానీ దానికి విశేషణాలు వద్దు, తీర్పు వద్దు. "1992లో నేను ప్లస్ టూ పాసయ్యాను. నాయన కాలేజీకి పంపలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు." అంతే. ఆ ఏడాది పీఎఫ్ స్లిప్పు దొరికితే చూడండి, లోను తీసి ఉంటే ఎంతో ఎందుకో తెలుస్తుంది. తెలిస్తే అదీ రాయండి, లేకపోతే కారణం మీరు కల్పించకండి. ఆ కింద పేరాలో, మధ్యలో "కానీ", "అయినా" లాంటి మాటలేమీ లేకుండా, మీరు మాకు రాసిందే రాయండి: 75 ఏళ్ల వయసులో మనవరాలిని నీట్ కోచింగ్‌కి రోజూ బస్సులో అన్నానగర్ తీసుకెళ్లి, క్లాసు అయ్యేదాకా కింద మెట్ల మీద కూర్చునేవారని. ఆ రెండు పేరాలని కలిపే వాక్యం మీరు రాయొద్దు. చదివేవాళ్లకి తోచేది తోస్తుంది. మీ అమ్మగారికి ఒకటి తోస్తుంది, మీ తమ్ముడికి ఇంకోటి. బంధువులు ఎవరైనా "ఇవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు" అంటారు, తప్పకుండా అంటారు. నా అనుభవంలో అలా అన్నవాళ్లే ఆ పేజీ రెండోసారి తిరగేసి చదువుతారు.

మాట విషయంలో ఒకటి. ఇంట్లో "నాయన" అని పిలిచేవాళ్లు అచ్చులోకి రాగానే "తండ్రిగారు", "పితృదేవులు" అయిపోతారు. నాయన అనే రాయండి. ఆయన మాటల్లో వెంకటగిరి యాస ఎంతుందో, మద్రాసు తమిళం ఎంత కలిసిందో అలాగే ఉండనివ్వండి. "సరి, పో" అనేవారా, "సరేలే" అనేవారా అన్నది ప్రూఫ్‌రీడరు దిద్దాల్సిన విషయం కాదు.

మనవళ్ల చేత కూడా రాయించండి. ఒక్కొక్కరికి ఒక పేజీ చాలు, తాత తమతో చేసిన ఒక్క పని గురించి. పిల్లలు తెలుగు చదవలేరని బాధపడ్డారు. తప్పు వాళ్లదీ కాదు మీదీ కాదు. 2006లో వచ్చిన చట్టంతో ఇక్కడి బళ్లలో ఒకటో తరగతినుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. మీ పిల్లలు సరిగ్గా ఆ వయసువాళ్లు. వాళ్లని తెలుగే మాట్లాడమనండి, మీరు విని రాయండి. తెలుగు మాటల్ని తమిళ లిపిలో అచ్చు వేద్దామని కొందరు అడుగుతారు. రెండుసార్లు వేసి చూశాను, నాకు నచ్చలేదు. ఆ లిపిలో కకీ గకీ ఒకటే అక్షరం, పకీ బకీ ఒకటే. పిల్లలు తాత పేరే తప్పు పలికారు. దానికన్నా పుస్తకం మొత్తం మీ గొంతుతో చదివి రికార్డు చేసి, వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ వేయండి. ప్రెస్సువాళ్లకి అది పెద్ద పనేం కాదు. మీ నాయన గొంతు వాట్సాప్ వాయిస్ మెసేజీల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, అదీ అందులో చేర్చండి. ఫోన్ మార్చేలోపు ఆ పని చేయండి.

చిన్న మనవడు రాయడానికి ఏమీ లేదంటున్నాడని అన్నారు కదా, వాణ్ణి ఒకసారి సెంట్రల్ స్టేషన్‌కి తీసుకెళ్లండి. ఐసీఎఫ్‌లో మొదటి పెట్టె 1955లో తయారైంది. ఆ పాత రకం పెట్టెల తయారీ 2018 జనవరిలో ఆగిపోయింది. అయినా కొన్ని బండ్లలో ఇంకా తిరుగుతున్నాయి. పెట్టె పక్కన వేసిన నంబర్లో మొదటి రెండంకెలు మామూలుగా అది తయారైన సంవత్సరం. 02, 03 అంటూ మొదలయ్యే పాతరకం పెట్టె కనిపిస్తే అది వాళ్ల తాత సర్వీసులో ఉండగా తయారైందే. పంజాబులోని కపుర్తలా ఫ్యాక్టరీలో చేసినవీ ఉంటాయి కాబట్టి ఐసీఎఫ్ అని రాసుందో లేదో కూడా చూడమనండి. దొరికితే దాని పక్కన వాణ్ణి నిలబెట్టి ఫోటో తీయండి. దొరక్కపోతే పెరంబూరులోనే రైలు మ్యూజియం ఉంది. వాడి పేజీ వాడే రాస్తాడు.

ఫోటోలు. 2015 డిసెంబరు వరదలో ఆల్బమ్ పోయిందని రాశారు. ఆ తర్వాత రెండేళ్లు నా దగ్గరికి వచ్చిన ప్రతి మూడో ఇల్లూ ఇదే మాట. సైదాపేటలో ఒక కుటుంబానికి తండ్రి ఫోటో ఆధార్ కార్డు మీదది తప్ప ఒక్కటీ మిగల్లేదు. బంధువుల ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌లు తిరగేయమన్నాను. పదకొండు దొరికాయి. అన్నీ ఎవరో ఒకరి పెళ్లిలో వెనక వరసలో నిలబడ్డవే, ఒకదాంట్లో వడ్డిస్తున్నాడు. స్టూడియో ఫోటో కన్నా అదే అట్ట మీద బాగుంది. మీరూ మేనత్తల ఇళ్లలో వెతకండి. దొరికిన వాటిని ఫోన్‌తో ఫోటో తీసి పంపించమనకండి, స్కాన్ చేయించండి. చిన్న పాస్‌పోర్టు సైజువైతే 600 డీపీఐలో. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది, అచ్చులో ముఖం మసకబారుతుంది. అట్టకట్టుకుపోయిన ఫోటోలని మాత్రం గోటితో పీకకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

అచ్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. మీకు ఉన్న మ్యాటరుకి 32 పేజీలు చాలు, ఎక్కువ చేయకండి. చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు అక్కడే పెన్ను అడిగి రాసిపెడతారు, అలా వచ్చినవి ఒక్కోసారి పుస్తకంలో ఉన్నదాని కన్నా బాగుంటాయి. డీటీపీ చేసేవాళ్లని యూనికోడ్‌లో చేయమనండి, పీడీఎఫ్ తీసుకోండి. పాత పద్ధతిలో అను ఫాంట్లలో చేసి ఫైలు ఇస్తే పదేళ్ల తర్వాత మీ కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. నేను చేసినవాటిలో సగం అలాగే పోయాయి.

వంశవృక్షం వేసేటట్టయితే కూతుళ్ల పిల్లల పేర్లు కూడా వేయండి. కొడుకుల వైపే వేసి రెండేళ్లు మాటలు లేకుండా ఉన్న ఇళ్లు చూశాను. పేర్ల ముందు "కీ.శే." ఉన్నచోటల్లా వేలు పెట్టి చూసుకోండి. ఒకసారి అది నా చేతుల్లోనే తప్పింది. పోయినాయన వియ్యంకుడి పేరు ముందు కీ.శే. పడింది, ప్రూఫ్ నేనే చూశాను. ఆ వియ్యంకుడు సభలో ముందు వరసలోనే కూర్చున్నాడు. పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, నావైపు తిరిగి "భోజనం పెడతారా, పిండమా?" అన్నాడు. మూడు వందల కాపీల్లోనూ నల్ల ఇంకుతో కొట్టేసుకుంటూ కూర్చున్నాను ఆ మధ్యాహ్నమంతా.

ప్రూఫ్ వచ్చాక మీ అమ్మగారికి ఒకసారి పైకి చదివి వినిపించండి. ఆవిడ "కాదు, అట్లా కాదు" అన్నచోట ఆపి దిద్దండి. తర్వాత నాకు పంపినా చూసిపెడతాను. కళ్లు మునుపటిలా లేవు కాబట్టి అక్షరాలు పెద్దవి చేసి పంపండి, సంవత్సరీకానికి కనీసం పది రోజుల ముందు.